మిల్లీమీటరుకు ఇరవై రూపాయలు

ఊట్లపల్లి పెద్ద చెరువులో ఆ యేడు వదిలిన చేపపిల్లలు అరవై వేలు. ఈ సంగతి వాటిని తెచ్చిన వ్యాను డ్రైవరుకు తెలుసు, సంచులు విప్పి నీళ్లలోకి వదిలిన మత్స్యకారుల సంఘానికి తెలుసు, గట్టు మీద వరసగా నిలబడి చూసిన కొంగలకైతే మరీ బాగా తెలుసు. తెలియనిది ఒక్క ప్రభుత్వానికే. దానికి తెలియాలంటే ఫొటో కావాలి.

ఈ ఫొటో గొడవ కొత్తగా వచ్చింది. అంతకు ముందు సంవత్సరం ఎక్కడో ఒక చెరువులో కాగితాల ప్రకారం నీళ్లకంటే చేపలు ఎక్కువయ్యాయట. పైవాళ్లకు కోపం వచ్చి ఒక ఉత్తర్వు వేశారు. వదిలిన పిల్లలను నీళ్లలో ఉండగానే ఫొటో తీయాలి. సంచిలోనో బిందెలోనో తీస్తే చెల్లదు, ఎందుకంటే సంచిని ఎటైనా పట్టుకుపోవచ్చు. ఒక్క ఫొటోలో కనీసం యాభై చేపలు స్పష్టంగా, విడివిడిగా, లెక్కపెట్టడానికి వీలుగా కనిపించాలి. అలా కనిపించాయని జిల్లా అధికారి 'మత్స్య దర్శన ధ్రువపత్రం' ఇచ్చేదాకా ఆ చెరువులో ఎవరూ వల వేయరాదు. అధికారికంగా లేని చేపను పట్టడం ఎలా కుదురుతుందని ఉత్తర్వు రాసినవారి ప్రశ్న. ఆ ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు గనక అందరూ సంతకాలు పెట్టి అందుకున్నారు.

జిల్లా ఆఫీసులో ఈ పని జూనియర్ అసిస్టెంటు రాజలింగం మీద పడింది. ఉద్యోగం రాకముందు అతను ఆరేడేళ్లు పెళ్లిళ్లకు ఫొటోలు తీశాడు. ఆ ముక్క ఎప్పుడో ఒకసారి గొప్ప కోసం అందరి ముందూ చెప్పుకున్నాడు. ఆఫీసులో చెప్పిన గొప్పలన్నీ ఎవరో ఒకరు గుర్తు పెట్టుకుంటారని అతనికి అప్పుడు తెలియదు. సెప్టెంబరులో ఒక పొద్దున బీరువాలోంచి ఆఫీసు కెమెరా తీసి, దాని చిన్న లెన్సును చొక్కా అంచుతో తుడిచి, ఊట్లపల్లి బయలుదేరాడు.

చెరువు మెట్ల మీద సంఘం అధ్యక్షురాలు పిట్టల మల్లవ్వ తవుడు డబ్బాతో తయారుగా ఉంది. ఆమెకు యాభై దాటాయి. సంఘంలో ముప్పై నాలుగు ఇళ్లు, ముప్పై నాలుగు ఇళ్ల తగాదాలు, అన్నీ ఆమె నోటి మీదే నడుస్తాయి. పిడికెడు తవుడు విసిరిందో లేదో, వేలెడంత పిల్లలు వందల కొద్దీ వచ్చి మెట్ల దగ్గర ముసురుకున్నాయి.

"తియ్యి సారూ. ఎన్నంటె అన్ని ఉన్నయి," అంది మల్లవ్వ.

రాజలింగం నలభై ఫొటోలు తీశాడు. మనిషి కన్ను నీటి మీది మెరుపు తప్పించుకుని, మెడ అటూ ఇటూ వంచి, నీళ్ల లోపలికి ఎలాగో చూస్తుంది. కెమెరాకు ఆ ఓపిక లేదు. ఫొటోల నిండా ఆకాశం పడింది. ఆకాశంతో పాటు రెండు తెల్లమబ్బులు, ఒక కరెంటు తీగ, పర్యవేక్షణ కోసం వచ్చి మెట్ల చివర నిలబడ్డ జిల్లా మత్స్య నిరూపణాధికారి చక్రధర్ రావు గారు కూడా పడ్డారు.

చక్రధర్ రావు గారు ఫొటోలను ఒక్కొక్కటే చూసి కళ్లజోడు తీశారు.

"నీళ్లలో నేనున్నాను. చేపలు లేవు. ఈ ఫొటోను బట్టి ధ్రువపత్రం ఇవ్వాలంటే నన్ను చెరువులో వదిలినట్టు ఇవ్వాలి."

"నీళ్ల మీద ఆకాశం మెరుస్తుంది సార్. లెన్సుకు ముందు పోలరైజర్ అని ఒక ఫిల్టరు పెట్టాలి. గుండ్రటి గాజు బిళ్ల సార్, అంతే. దాన్ని తిప్పితే మెరుపు పోయి లోపలి చేపలు కనిపిస్తాయి. పద్నాలుగు పదిహేను వందల్లో వస్తుంది," అన్నాడు రాజలింగం.

ఆ మాట అన్నందుకు తర్వాత ఏడు నెలలు అతను తనను తాను తిట్టుకున్నాడు.

మల్లవ్వ పక్కనే ఉండి విన్నది. "గంతేనా? సంఘం తరఫున మేమే కొనిస్తం. రేపే తెండ్రి," అంది.

చక్రధర్ రావు గారు ఆమె వైపు జాలిగా చూశారు. "లబ్ధిదారులు కొనిచ్చిన గాజులోంచి లబ్ధిదారుల చేపలను చూడటం సాక్ష్యం కాదమ్మా. రేపు ఆ గాజులోనే చేపలు ఉన్నాయని ఎవరైనా ఆక్షేపిస్తే?"

రాజలింగం తన జేబులోంచి కొంటానన్నాడు. అది ప్రైవేటు గాజు అవుతుందన్నారు. ప్రభుత్వం చూడవలసిన దానిని ప్రభుత్వ గాజులోంచే చూడాలని, ఆ గాజును నిబంధనల మేరకు, అందుబాటు ధరకు, పారదర్శకంగా ఎంపిక చేయడానికి ఒక కమిటీ వేస్తున్నామని అక్కడికక్కడే, మెట్ల మీదే ప్రకటించారు.

కమిటీకి చక్రధర్ రావు గారు అధ్యక్షులు. సాంకేతిక సభ్యుడు కావాలి గనక పక్క ఆఫీసు నుంచి తాగునీటి పైపుల పని చూసే ఇంజనీరు భూమేశ్వర్‌ను పిలిచారు. భూమేశ్వర్ ఇరవై రెండేళ్లుగా గొట్టాలు కొంటున్నాడు. అతను కొన్న గొట్టాల్లో నీళ్లు వచ్చాయో లేదో గాని, ఆడిట్ ఆక్షేపణ మాత్రం ఒక్కటీ రాలేదు. రాజలింగం కన్వీనరు. కన్వీనరంటే కుర్చీలు వేసి, టీ చెప్పి, తీర్మానం రాసేవాడు.

మొదటి సమావేశం నాటికి రాజలింగం బజారుకు వెళ్లి హమీద్ భాయ్ దుకాణంలో వాకబు చేసుకొచ్చాడు. హమీద్ భాయ్ పెళ్లి ఫొటోల రోజుల నుంచీ అతనికి దోస్తు. ఒక చిన్న డబ్బీ తెరిచి గాజు బిళ్లను రెండు వేళ్లతో అంచు పట్టుకుని చూపించాడు.

"ఇది యాభై ఎనిమిది మిల్లీమీటర్లు. నీ లెన్సు మూతి గింతే, కరెక్టుగ కూసుంటది. పద్నాలుగు వందల యాభై. ఇంకా సస్తాది ఉంది భాయ్, ఆరు వందలకే. కని దాంట్ల తీసిన ఫొటోకు పచ్చకామెర్లొస్తయి, తర్వాత నన్ను అనొద్దు." తన ఫోను తెర ముందు ఆ బిళ్లను పెట్టి మెల్లగా తిప్పాడు. తెర మసకబారి, నల్లబడి, మళ్లీ తెల్లబడింది. "గిట్ల నల్లగైతెనే అసలుది. కాకుంటె అది ఉత్త గాజు, కిటికీకి పెట్టుకోవచ్చు."

రాజలింగం ఇదంతా సమావేశంలో వివరించి, యాభై ఎనిమిది మిల్లీమీటర్ల పోలరైజర్‌కు ధరలు తెప్పిద్దామన్నాడు. భూమేశ్వర్ ముసిముసిగా నవ్వాడు.

"సైజు ముందే చెప్పేస్తే పోటీ ఎక్కడుంటుందయ్యా? ఒక దుకాణాన్ని మనసులో పెట్టుకుని అడిగినట్టుంటుంది. సైజు తీసెయ్. 'నీటిపై మెరుపును తొలగించు గాజు, ఒకటి' అని రాయి. ఎవరి సైజు వాళ్లు చెప్తారు."

సైజు తీసేశారు. మూడు దుకాణాల నుంచి మూడు సీల్డ్ కవర్లు వచ్చాయి. హమీద్ భాయ్ యాభై ఎనిమిదికి పద్నాలుగు వందల యాభై రాశాడు. ఇంకొక స్టూడియో అదే సైజుకు పదిహేడు వందల నలభై రాసింది. మూడోది దుకాణం మూసేస్తున్న ఒక ముసలాయనది. ఆయన దగ్గర తొంభై ఐదు మిల్లీమీటర్ల బిళ్ల ఒకటి ఏళ్ల తరబడి అమ్ముడుపోక మిగిలిపోయింది. దాన్ని వదిలించుకోవాలని పంతొమ్మిది వందలకు ఇస్తానన్నాడు.

రాజలింగం హమీద్ భాయ్ కవరును పైన పెట్టాడు. భూమేశ్వర్ దాన్ని తీసి పక్కన పెట్టి, కాలిక్యులేటరు ముందుకు లాక్కున్నాడు.

"మొత్తం ధర చూసి కొనేది సామాన్యుడు. ప్రభుత్వం యూనిట్ రేటు చూసి కొంటుంది. గొట్టమైనా గాజైనా వ్యాసాన్ని బట్టే ధర. మొదటిది మిల్లీమీటరుకు ఇరవై ఐదు. రెండోది ముప్పై. మూడోది ఇరవై. మిల్లీమీటరు దగ్గర అయిదు రూపాయలు మిగులుతున్నాయి. తొంభై ఐదు మిల్లీమీటర్ల మీద ఎంత?"

"నాలుగు వందల డెబ్బై ఐదు," అన్నారు చక్రధర్ రావు గారు ఉత్సాహంగా.

"కొనకముందే ఆదా," అన్నాడు భూమేశ్వర్.

"కాని సార్, మన లెన్సు మూతి యాభై ఎనిమిది," అన్నాడు రాజలింగం.

"కన్వీనరు గారూ, మూతి సంగతి మూతి చూసుకుంటుంది. కమిటీ ముందున్న అంశం ఫిల్టరు."

నవంబరు మొదటి వారంలో ఫిల్టరు వచ్చింది. మంచి సరుకే. రాజలింగం ఫోను ముందు పెట్టి తిప్పితే తెర కాటుకలా నల్లబడింది. కాని కెమెరా ముందు పెడితే చిన్న గ్లాసు మీద పెద్ద పళ్లెం మూత పెట్టినట్టుంది. చేత్తో పట్టుకుని తీస్తానన్నాడు. 'అమర్చబడిన ఫిల్టరు' అని మంజూరు ఉత్తర్వులో ఉంది గనక పట్టుకున్న ఫిల్టరు చెల్లదన్నారు. అతను మళ్లీ హమీద్ భాయ్ దగ్గరికి పరుగెత్తాడు.

హమీద్ భాయ్ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. "ఇది పెద్ద కథ కాదు భాయ్. చిన్న మూతికి పెద్ద ఫిల్టరు కూసోబెట్టేటందుకు రింగులొస్తయి. మేము గదే చేస్తం, ఒక్క పెద్ద ఫిల్టరు కొని అన్ని లెన్సులకు రింగులతోని వాడుకుంటం. పైసలు మిగుల్తయి. నీకు రెండు రింగులు, నాలుగు వందలు. పదినిమిషాల పని."

రాజలింగానికి ప్రాణం లేచి వచ్చింది. ఆ సాయంత్రమే కమిటీ ముందు రింగుల సంగతి పెట్టాడు. కమిటీ ముఖాలు మాడిపోయాయి.

"రింగు పెట్టామంటే అర్థం ఏమిటి?" అన్నాడు భూమేశ్వర్ చాలా నెమ్మదిగా. "మనం కొన్న ఫిల్టరు సరిపోలేదని మనమే కాగితం మీద ఒప్పుకున్నట్టు. ఆ రింగు ఫైల్లో ఉన్నంతకాలం ఎవడో ఒకడు ఎందుకు కొన్నారని అడుగుతూనే ఉంటాడు. ఇంత చవగ్గా కొన్న వస్తువుకు మచ్చ తెస్తావా?"

"మరి ఎలా సార్?"

"వాల్వు పెద్దదైతే ఏం చేస్తాం? పైపు మారుస్తాం. ఫిల్టరులో లోపం లేదు. లెన్సు చిన్నది. దాన్ని ఉన్నతీకరించాలి."

చక్రధర్ రావు గారికి ఆ మాట బాగా నచ్చింది. 'తక్కువ ధర ఫిల్టరును సద్వినియోగపరచుకొనుటకు వీలుగా తగిన లెన్సు సమకూర్చుకొనుట' అని తీర్మానం చెప్పి రాయించారు. తప్పు దిద్దడానికి నాలుగు వందలు పుట్టలేదు గాని ఉన్నతీకరణకు డబ్బు పదిహేను రోజుల్లో వచ్చింది.

తొంభై ఐదు మిల్లీమీటర్ల మూతి ఉన్న లెన్సంటే అడవిలో పులులను దూరం నుంచి తీసేది. సంక్రాంతి సెలవులయ్యాక అది పెట్టెలో వచ్చింది. మూర పొడవు, రెండు కిలోల బరువు. ఆఫీసంతా వచ్చి దానితో ఫొటోలు దిగారు. దాన్ని తగిలిస్తే పాత కెమెరా మెడ కిరకిరలాడింది. అందుకని లెన్సుకు తగిన కెమెరా కొన్నారు. రెండూ కలిపి చేత్తో పట్టుకుంటే వణుకుతున్నాయి గనక మూడు కాళ్ల స్టాండు కొన్నారు. తీరా చూస్తే ఆ లెన్సుకు మూడు మీటర్ల లోపల ఉన్నదేదీ కనిపించదు. మెట్ల మీద నిలబడి కాళ్ల దగ్గరి చేపను తీయడానికి లేదు. ఎత్తు మీద నుంచి, ఏటవాలుగా తీయాలి. అందుకని గట్టు మీద ఒక ఇనప మంచె కట్టడానికి భూమేశ్వర్ అంచనాలు తయారు చేశాడు. ఇన్నింటికీ ఫైలు మాత్రం ఒక్కటే. దాని అట్ట మీద మొదటి రోజు రాజలింగం తన చేత్తో రాసిన మాట అలాగే ఉంది: 'తక్కువ ధర ఫిల్టరు కొనుగోలు.'

ఫిబ్రవరి చివర్లో మల్లవ్వ జిల్లా ఆఫీసుకు వచ్చింది. మామూలుగా ఆ సరికి వలలు పడాలి. ముప్పై నాలుగు ఇళ్లకూ ఆ రెండు నెలల చేపే ఏడాది గ్రాసం. మూడు ఇళ్ల మగవాళ్లు అప్పటికే ఇటుక బట్టీలకు పోయారు. వలలను ఇంట్లో ఎలకలు కొరుకుతున్నాయి. ఆమె రాజలింగం బల్ల ముందు నిలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నా కండ్ల ముంగట కిలో చేపలు ఎగురుతున్నయి సారూ. పొద్దుగాల కొంగలొస్తయి, కడుపునిండ తింటయి, పోతయి. ఆటికి పత్రం అక్కర్లేదా?"

రాజలింగం ఆమెను లోపలికి తీసుకెళ్లాడు. చక్రధర్ రావు గారు మర్యాదగా కూర్చోమన్నారు. చెడ్డ మనిషి కాదు. ఆమెకు టీ కూడా తెప్పించారు.

"మీకు న్యాయం చేయడానికే ఇదంతా అమ్మా. ప్రపంచ స్థాయి లెన్సు తెప్పించాం. ఇంత ఖరీదైన ఏర్పాటు ఏ చెరువుకూ లేదు."

"మీరొక్కసారి వచ్చి చూడుండ్రి సారు. తవుడు ఏస్త. మీ కండ్లతోనే చూసి రాసియ్యుండ్రి."

"నేను చూస్తే చూసినట్టు కాదమ్మా. నా కన్ను గుర్తింపు పొందిన పరికరం కాదు."

మల్లవ్వ కాసేపు ఆయన కళ్ల వైపే చూసింది. "ఏప్రిల్ దాటితె నీళ్లు మోకాళ్ల దాకనే ఉంటయి. ఎండకు నీళ్లు కాగి చేపలన్ని తేల్తయి సారూ. సచ్చిన చేపను ఎవ్వరు కొనరు. మల్ల మేము కూడ బట్టీలకే పోవాలె," అంది. గొంతు పెంచలేదు. టీ తాగకుండానే లేచింది.

ఆమె వెళ్లాక రాజలింగానికి ఆ రోజు అన్నం సయించలేదు. ఫిల్టరు అన్న ముక్క తన నోటి నుంచే వచ్చింది. ఆ పొద్దున నోరు మూసుకుని, మేఘాలు పట్టిన రోజు చూసి మెట్ల మీద ఇంకో నలభై ఫొటోలు తీసి ఉంటే ఏదో ఒకదాంట్లో చేపలు పడేవేమో. పనివాడినని అనిపించుకోవాలనే సరదా ముప్పై నాలుగు ఇళ్ల పొయ్యిల మీదికి తెచ్చింది. ఇంజనీరు ఆఫీసు చుట్టూ తిరిగి, వెల్డరు ఇంటి ముందు కూర్చుని, మంచె పని తొందర పెట్టడం తప్ప అతనికి ఇంకేదీ తోచలేదు.

మంచె ఏప్రిల్ పదకొండున పూర్తయింది. దానికి చిన్న రిబ్బను కట్టి చక్రధర్ రావు గారు కత్తిరించారు. నీళ్లు అప్పటికే మెట్లు వదిలి చాలా లోపలికి పోయాయి. రాజలింగం పైకెక్కి, కెమెరా బిగించి, ఫిల్టరు అమర్చి, కింద నడుం లోతు నీళ్లలో నిలబడ్డ మల్లవ్వకు చెయ్యి ఊపాడు. ఆమె తవుడు చల్లింది. రాజలింగం ఫిల్టరు అంచు పట్టుకుని మెల్లగా తిప్పాడు.

నీళ్ల మీది ఆకాశం మెల్లగా ఆరిపోయింది. దాని కింద చెరువు తెరుచుకుంది. రోహులు, బొచ్చెలు, ఒక్కొక్కటి మోచెయ్యంత, పొలుసులు లెక్కపెట్టేటంత స్పష్టంగా గుంపుగా తిరుగుతున్నాయి. రాజలింగం తన జన్మలో అంత మంచి ఫొటో తీయలేదు. ఏ పెళ్లికూతురూ అంత బాగా రాలేదు. సంతోషంతో అతని చేతులు వణికాయి. స్టాండు ఉంది గనక ఫొటో వణకలేదు.

మర్నాడు ఆ ఫొటోను పెద్ద సైజులో వేయించి కమిటీ ముందు పెట్టాడు. మల్లవ్వను కూడా రమ్మన్నాడు. పత్రం చేతికి రాగానే ఆమె ఫోను చేస్తుందని, మధ్యాహ్నానికల్లా వల పడుతుందని చెరువు గట్టున ముప్పై నాలుగు ఇళ్ల వాళ్లూ కాచుకుని ఉన్నారు.

భూమేశ్వర్ స్కేలు తీశాడు. చక్రధర్ రావు గారు పెన్సిలు మొనతో చేపలను లెక్కపెట్టారు. అరవై మూడు. ఆయన ముఖం వెలిగింది. తర్వాత సెప్టెంబరు నాటి పంపిణీ రికార్డు తెరిచారు. ఆ వెలుగు కాస్త తగ్గింది.

"రాజలింగం, మనం వదిలిన పిల్లల పొడవు ఎంత?"

"ఎనభై నుంచి వంద మిల్లీమీటర్లు సార్."

"వీటి పొడవు?"

"నాలుగు వందల యాభైకి తక్కువుండవు," అన్నాడు భూమేశ్వర్ స్కేలు కింద పెట్టి. "కొన్ని అయిదు వందలు. అస్సలు సరిపోవు."

"సార్, ఏడు నెలలయింది. పెరిగాయి సార్."

"పెరిగాయని రికార్డులో ఎక్కడుంది?" అన్నారు చక్రధర్ రావు గారు. ఆయన గొంతులో నిజంగా బాధే ఉంది. "నేను ధ్రువీకరించవలసింది వంద మిల్లీమీటర్ల చేపలను. ఈ ఫొటోలో అంత పొడవున్న చేప ఒక్కటి కూడా లేదు. ఇవి మన శాఖ చేపలు కావు. ఎవరివో తెలియని చేపలు మన చెరువులో మన చేపలున్నట్టుగా తిరుగుతున్నాయి. పత్రం ఎలా ఇస్తానయ్యా?"

మల్లవ్వ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. చేతిలోని ఫోనును కొంగులో ముడి వేసుకుంది. అది చూసి రాజలింగానికి ఏడుపొచ్చింది. తర్వాత కోపం వచ్చింది. కోపం వచ్చినా ఏం చేయాలో పెళ్లి ఫొటోగ్రాఫరుకు తెలియదు. కాని ఏడు నెలల పాటు ఒకే ఫైలు రాసిన జూనియర్ అసిస్టెంటుకు తెలుసు.

"సార్, మీరన్నది నిజమే," అన్నాడు. "ఇవి మన చేపలు కావు. అంటే అనధికార చేపలు."

"అంతే కదా మరి."

"ప్రభుత్వ చెరువులో అనధికారంగా ఉన్నవాటిని మనం చూసి కూడా ఊరుకున్నామని ఈ ఫొటో సాక్ష్యం అవుతుంది సార్. అదీ ఇంత స్పష్టమైన ఫొటో."

చక్రధర్ రావు గారు ఫొటోను కొంచెం దూరం జరిపారు.

"పైగా ఇవి అడ్డం ఉండబట్టే మన చేపలు కెమెరాకు కనిపించడం లేదేమో సార్. వీటిని ముందు తొలగిస్తే..."

భూమేశ్వర్ కుర్చీలో ముందుకు వంగాడు. "ఆక్రమణల తొలగింపు. దానికి నోటీసు కూడా అక్కర్లేదు. తక్షణం చేయొచ్చు. పైపుల మీద కట్టిన డబ్బా కొట్లను మేం అలాగే తీస్తాం."

"తొలగింపుకు కూలీలెవరు? పద్దు ఏదీ?" అన్నారు చక్రధర్ రావు గారు కంగారుగా.

రాజలింగం మల్లవ్వ వైపు తిరిగాడు. ఆమె అప్పటికే గోడ వదిలి నిటారుగా నిలబడింది. ఏడు నెలల్లో మొదటిసారి ఆమె ముఖం విప్పారింది. అయినా తొందరపడలేదు.

"మాకెందుకు సారూ ఆ కష్టం," అంది నింపాదిగా. "ఎవ్వరియో చేపలాయె. ఎండల పడి, వలలేసి, మోసి పారబొయ్యాలె. కూలి గిట్ల ఏమన్న ఇస్తరా?"

"కూలి ఇవ్వడానికి లేదమ్మా. చెరువును బాగుచేసుకోవడం లబ్ధిదారుల బాధ్యత."

"పట్టిన చేపలు మల్ల ఆఫీసుకు తెచ్చియ్యాల్నా?"

"వద్దు, వద్దు. ఆఫీసులో ఎక్కడ పెడతాం? అవి శాఖవి కావు. వాటితో శాఖకు ఎలాంటి సంబంధం లేదు. మీరే ఏదో ఒకటి చేసుకోండి."

మల్లవ్వ నిట్టూర్చింది. "ఏం జేస్తం. సర్కారు చెప్పినంక తప్పుతదా," అంది.

రాజలింగం ఉత్తర్వు రాయడానికి పావుగంట పట్టింది. అంత ఇష్టంగా అతను ఎప్పుడూ కాగితం రాయలేదు. 'ఊట్లపల్లి పెద్ద చెరువునందు ఛాయాచిత్ర సాక్ష్యము ద్వారా కనుగొనబడిన అనధికార మత్స్యములు శాఖకు చెందినవి కావని కమిటీ ఏకగ్రీవముగా నిర్ధారించినందున, సదరు మత్స్యములను స్థానిక సంఘము వారు తమ సొంత శ్రమతో, ప్రతిఫలాపేక్ష లేకుండా, ఈ నెల పదిహేనవ తేదీలోగా ఆసాంతము తొలగించవలెనని, అశ్రద్ధ వహించిన యెడల తగు చర్య తీసుకొనబడునని ఇందుమూలముగా ఆదేశించడమైనది.' చక్రధర్ రావు గారు రెండుసార్లు చదివి, 'అశ్రద్ధ' ముందు 'ఏమాత్రము' చేర్చి సంతకం పెట్టారు.

సంఘం వాళ్లు ఏమాత్రం అశ్రద్ధ చేయలేదు. మర్నాడు తెల్లవారేసరికి ముప్పై నాలుగు ఇళ్ల వలలూ నీళ్లలో ఉన్నాయి. ఇటుక బట్టీలకు పోయినవాళ్లు కబురందుకుని మొదటి బస్సుకే దిగారు. పెద్ద చేపలను గట్టుకు లాగుతుంటే మధ్యవర్తుల వ్యాన్లు మంచె దాకా వరస కట్టాయి. అనధికార చేపలకు కిలో దగ్గర ధర ఏమీ తగ్గలేదు. తొలగింపు ఎలా జరుగుతోందో ఫొటోలు తీయడానికి రాజలింగం మంచె మీద ఉన్నాడు. పర్యవేక్షణకు చక్రధర్ రావు గారు గొడుగుతో వచ్చి మంచె నీడన నిలబడ్డారు. చాలాసేపు చూశారు. కాంటా పక్కన పచ్చి గడ్డి మీద ఒక రోహు విడిగా పెట్టి ఉంది. ఎర్రటి మొప్పలు, వెండి పొలుసులు, ఇంకా తోక కొట్టుకుంటోంది.

"అది ఎంత తూగుతుందమ్మా?" అని అడిగారు కాస్త మొహమాటంగా.

"రెండు కిలోలకు దగ్గర్నే ఉంటది సారు."

"పులుసుకు బాగుంటుంది. ఒకటి మా ఇంటికి..."

మల్లవ్వ చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. గొంతులో మర్యాదకు ఏ లోటూ లేదు.

"ఇయ్యమా సారూ, మీరడిగితె? కని ఇయి మీ చేపలు కావని మీరే రాసిండ్రు. సంతకం గూడ పెట్టిండ్రు. ఎవ్వరియో చేపలు మీ ఇంట్ల వండితె రేపు మీకే మాటొస్తది."

చక్రధర్ రావు గారు తల ఎత్తి మంచె వైపు చూశారు. రాజలింగం కెమెరాలో కన్ను పెట్టి చాలా శ్రద్ధగా చెరువు అవతలి గట్టును చూస్తున్నాడు. ఉత్తర్వును సవరించాలంటే కమిటీ కూర్చోవాలి. సంతకమైన ఉత్తర్వు మీద కమిటీ మళ్లీ కూర్చోవాలంటే ఏడు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఏప్రిల్ ఎండలో చేప ఏడు గంటలు కూడా ఆగదని ఆయనకూ తెలుసు.